తోక బరువు

పోయిన వారం నూజివీడులో బస్సు దిగి, మామిడి కాయలకు తొడిగే కాగితపు కవర్ల కోసం ఒక పురుగుమందుల కొట్టుకి వెళ్ళాను. కాయ కాస్త ఎదిగాక ఈగ ముట్టకుండా, తొక్క మీద మచ్చ పడకుండా ఈమధ్య చెట్టు మీదనే ఒక్కో కాయకీ ఒక్కో కవరు తొడుగుతున్నారు. పైన గోధుమరంగు, లోపల నలుపు, మూతి దగ్గర బిగించడానికి సన్నటి తీగ. కొట్టతను కట్టలు దించబోతూ, "ఎన్ని ఎకరాలండీ?" అని అడిగాడు. ఎకరాలేమీ లేవని, నాలుగు కవర్లు చాలని చెప్పాను. "నాలుగా? చెట్టుకి నాలుగే కాశాయేంటండీ?" అన్నాడు. "చెట్టుకి కాదు, విమానానికి" అన్నాను. అతను నా తెల్లజుట్టుని ఒకసారి చూసి, పక్కనున్న స్టూలు నావైపు జరిపి, "ఎండ బాగా ఉందండి. కూర్చుని మంచినీళ్ళు తాగండి" అన్నాడు. తర్వాత విడిపోయిన కట్టలోంచి నాలుగు తీసి, ఏమీ అడక్కుండా చేతిలో పెట్టాడు.

నిజానికి ఆ కొట్టుకి వెళ్ళాల్సిన పని లేదు. రెడ్డిగూడెంలో మా వదినగారి తోటలో ఇప్పుడు అవే కవర్లు బస్తాల్లో ఉన్నాయి. అడిగితే ఇచ్చేవారు. అడగలేకపోయాను. ఎందుకు అడగలేకపోయానో ఎక్కడో ఒకచోట ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను. ముప్పై ఏళ్ళు బడిలో తెలుగు చెప్పినవాణ్ణి, పిల్లలకి అలంకారాలు బట్టీ పట్టించినవాణ్ణి. వాటి మీద నాకు నమ్మకం లేదు. కాబట్టి అవి లేకుండానే రాస్తాను.

విమానం మా తోడల్లుడిది. ఆయన మా వదినగారి, అంటే మా ఆవిడ అక్కగారి భర్త, నాకంటే ఆరేళ్ళు పెద్ద. నేను అన్నయ్యా అనేవాణ్ణి, ఆయన తమ్ముడూ అనేవారు. తోడల్లుళ్ళ చుట్టరికం చిత్రమైనది. ఒకే ఇంటికి అల్లుళ్ళం కావడం తప్ప ఒకరికొకరం ఏమీ కాము. అత్తవారింట్లో పక్కపక్కన కూర్చోబెట్టి వడ్డిస్తారు. కోడికూరలో ఎవరి విస్తట్లో మంచి ముక్క పడిందో ఇద్దరమూ ఓరకంట చూసుకుంటాం. ఒకరు పోయినప్పుడు భార్య ఏడుస్తుంది, పిల్లలు ఏడుస్తారు, అన్నదమ్ములు ఏడుస్తారు. తోడల్లుడు కుర్చీలు వేయిస్తాడు. నేను కుర్చీలు వేయించాను.

ఆయన వయసులో ఉండగా వైమానిక దళంలో చేరి, శిక్షణకు వాడే, ఇంజను లేని చెక్క గ్లైడర్లను బాగుచేసే పనిలో ఉండేవారు. విరిగిన రెక్క అతకడం, గుడ్డ తొడగడం, మందు పూసి బిగించడం. ఆ పని వదిలి వచ్చి వదినగారి వాటాకి వచ్చిన మామిడి తోట చూసుకోవడం మొదలుపెట్టాక కూడా చేతులు ఊరుకోలేదు. మనిషి గాలిలో ఎగరడం కొత్తగా నేర్చుకున్న రోజుల నాటి విమానాలు, పైనొక రెక్క కిందొక రెక్క ఉండేవి, మధ్యలో దారాలు లాగి కట్టినవి, వాటి నమూనాలు చేసేవారు. ఇప్పటి విమానాలవి చేసేవారు కాదు. గన్నవరంలో దిగే విమానాలు మా ఉంగుటూరు పొలాల మీదుగా కడుపులు కనబడేంత కిందుగా పోతుంటే, ఆయన తలెత్తి చూసేవారు కాదు. "అవి బస్సులు తమ్ముడూ" అనేవారు.

ఇలాంటి నమూనాలకి బాల్సా అనే దూదిలాంటి చెక్క వాడతారట. అది మన దగ్గర దొరకదు. తెప్పించుకోవచ్చని నేనంటే, తెప్పించుకున్నదాంతో చేస్తే మనం చేసినట్టెలా అవుతుందని అడిగేవారు. బెజవాడలో ఒక కొట్టు నుంచి ఒకటిన్నర మిల్లీమీటరు ప్లైవుడ్ పలక ఒకటి, బస్సులో అందరి తలల మీదుగా పట్టుకుని తెచ్చుకునేవారు. మోటారు, బ్యాటరీ కాక ఆయన బయట కొనేది అదొక్కటే. రెక్కలోని అడ్డ పలకలు దానితో కోసి, బరువు తగ్గడానికి వాటి నిండా గుండ్రటి కన్నాలు వేసేవారు. మిగతాదంతా చుట్టుపక్కల దొరికిందే. రెక్క అంచులకి కొబ్బరి ఈనెలు. వెన్నుకి మామిడి గంపలు అల్లే వెదురు బద్దలు, చీల్చి, గాజుపెంకుతో గీకినవి. చక్రాల ఇరుసులకి గొడుగు ఊచలు. చక్రాలకి అరిగిన హవాయి చెప్పులు. "ఈయన చెప్పులు ఎప్పుడరుగుతాయా అని చూస్తారు, మామూలోళ్ళు అరక్కూడదని చూస్తారు" అనేవారు వదినగారు. నడిపే మనిషి కూడా ఉండేవాడు. చిన్న రసం మామిడి టెంకని ఎండబెట్టి, దాని పీచుని వెనక్కి దువ్వి కూర్చోబెట్టేవారు. మా ఆవిడ వాణ్ణి చూసి, "మీ హెడ్మాస్టరులా ఉన్నాడు" అంది. నిజంగానే ఉన్నాడు.

రెక్కల మీద అతికించడానికి మామిడి కవర్ల కాగితం వాడాలన్న ఆలోచన అచ్చంగా ఆయనదే. పాత విమానాల గుడ్డ అదే రంగులో ఉండేదట. మొదటిసారి అతికించినప్పుడు తెల్లారేసరికి కాగితమంతా ఊడి కింద పడి ఉంది. వాన నీళ్ళు దిగకుండా దానికి మైనం పట్టించి ఉంటారన్న సంగతి తోటంతా ఆ కవర్లు కట్టిన మనిషికి తట్టలేదు. తర్వాత కాగితం మీదా కిందా పాత పేపరు పరిచి, ఇస్త్రీపెట్టెతో రుద్ది మైనం లాగేయడం కనిపెట్టారు. "ఇస్త్రీపెట్టెకి మైనం, అందులోంచి మీ అన్నయ్య చొక్కాలకి మైనం. ఇంక ఈయన వాన్లో కూడా తడవడు మరిదిగారూ" అన్నారు వదినగారు. పైన గంజి పూసి ఆరబెడితే ఆ కాగితం డప్పులాగా మోగేది.

తోటలో ఎగరేయడానికి చోటుండదు. అటు చెట్టు, ఇటు చెట్టు. నాకు పొలం ఉంది. వరి కోశాక అందరూ మినుములకి వదిలేస్తే నేను అరెకరం ఖాళీగా ఉంచేవాణ్ణి. ఏడాదికొకసారి ఆయన విమానాన్ని పాత చీరలో చుట్టి, నూజివీడులో బస్సు మారి, మా ఇంటికి తెచ్చేవారు. చిన్న మోటారు, బ్యాటరీ, అంతే. చేత్తో విసిరితే నిమిషమో రెండు నిమిషాలో తిరిగి, వరి కొయ్యకాళ్ళ మీద దిగేది. దాని వెనక ఇద్దరం పరిగెత్తేవాళ్ళం. మా ఊళ్ళో నా పరువు ఏడాదికొకసారి అలా పోయేది.

ఎగరేసే ముందు ఒక పని తప్పకుండా చేసేవారు. పై రెక్క కింద, అటొకటి ఇటొకటి, పెన్సిలు గుర్తులు ఉండేవి. ఆ గుర్తుల దగ్గర రెండు వేళ్ళు పెట్టి విమానాన్ని లేపితే, అది ముందుకి వాలకుండా, వెనక్కి వాలకుండా నిలబడాలి. పాత విమానాల ముక్కు పొట్టిగా, తోక పొడుగ్గా ఉంటుంది. అందుకని ముక్కులో చేపల వలకి కట్టే సీసపు గుళ్ళు పెట్టేవారు. "తోకలో తులం పెడితే ముక్కులో నాలుగు తులాలు పెట్టాలి. తోకకి ప్లైవుడ్ ముట్టించకూడదు తమ్ముడూ, ఈనె, వెదురు, అంతే" అని నాకు ఎన్నిసార్లు చెప్పారో. తోక బరువైతే విమానం ముక్కు పైకెత్తి, గాలి పట్టు పోయి, నిలువునా పడుతుంది. ఇది నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు లేదు.

చివరి విమానం నాటికి ఆయనకి చేతులు వణకడం మొదలైంది. టీ గ్లాసు సగమే పోసి ఇవ్వమనేవారు. అంతకుముందు నాలుగైదు నెలల్లో అయ్యే పని పద్నాలుగు నెలలు పట్టింది. రంపం పట్టుకోవడానికి ముందు చేతిని బల్లకేసి కాసేపు నొక్కి ఉంచేవారు. నేను సాయం చేస్తానంటే, "నువ్వు కబుర్లు చెప్పు చాలు" అనేవారు. వేళ్ళ మీద నిలబెట్టలేరు కనుక, రెండు కొయ్య మేకులు బల్లకి దిగ్గొట్టి, వాటి మీద విమానాన్ని నిలబెట్టి, పెన్సిలు గుర్తులు పెట్టారు. అప్పుడే అన్నారు: "ఇది సరిగ్గా ఎగిరితే ఇంకోటి మొదలెడతా తమ్ముడూ. ఎగరకపోతే ఈ చేతులకి సెలవు ఇచ్చేస్తా." నవ్వుతూనే అన్నారు. కానీ ఆయన అన్నది చేసే మనిషి.

రెండేళ్ళ కిందట డిసెంబరులో దాన్ని మా ఇంటికి తెచ్చారు. ఆ రోజే తుఫాను వాన పట్టుకుంది. పొలం బురదయింది. ఆరాక కబురు చెయ్యమని విమానాన్ని మా బీరువా మీద పెట్టి వెళ్ళిపోయారు. మూడు వారాలు అక్కడే ఉంది. ఈలోపు నాతో పనిచేసిన లెక్కల మాస్టారు కూతురి పెళ్ళి కార్డు ఇవ్వడానికి వచ్చి, తలెత్తి చూసి, "ఎవరు చేశారండీ, అద్భుతంగా ఉంది" అన్నారు. "మా తోడల్లుడూ నేనూ" అన్నాను. అక్కడితో ఆగితే బాగుండేది. "రెక్కల కొలతలన్నీ నావే" అని కూడా అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. లెక్కల మాస్టారి ముందు నేనూ లెక్కలు వచ్చినవాణ్ణని అనిపించుకోవాలని కావచ్చు. కిందకి దించి, అడుగు భాగం చూపించడానికి తిప్పాను. తోక గుమ్మం కమ్మీకి తగిలింది. కందిపుల్ల విరిగినంత చప్పుడు. మాస్టారు వినలేదు. నేను విన్నాను.

ఆయన వెళ్ళాక కాగితం చీల్చి చూస్తే, తోక దగ్గర వెన్ను బద్దలు రెండూ విరిగి ఉన్నాయి. వాటిని ఏటవాలుగా చెక్కి, ఒకదాని మీద ఒకటి ఆనించి, దారం చుట్టి అతకాలి. అన్నయ్య చేస్తుంటే చూశాను కానీ నా చేతికి రాదు. ఫోన్ చేసి చెబితే మర్నాడే వచ్చేవారు. కానీ ఎలా విరిగిందని అడుగుతారు. లెక్కల మాస్టారి సంగతి చెప్పాలి. ఆ కొలతల మాట చెప్పాలి. ఇంట్లో ప్లైవుడ్ ముక్కలు రెండున్నాయి, వేలెడు పొడుగువి, అన్నయ్య ఎప్పుడో నాకు పుస్తకంలో గుర్తుగా పెట్టుకోమని ఇచ్చినవి. అటొకటి ఇటొకటి పెట్టి, తెల్ల జిగురు దట్టంగా పూసి, పైన కవరు కాగితం అతికించి, గంజి రాశాను. చాలా బాగా కుదిరింది. నా జన్మలో అంత శుభ్రంగా చేసిన చేతిపని ఇంకొకటి లేదు. ఎక్కడ విరిగిందో నేనే కనుక్కోలేనట్టు చేశాను.

పొలం ఆరాక ఆయన వచ్చారు. ఉదయం, గాలి లేదు. గుర్తుల దగ్గర వేళ్ళు పెట్టి లేపబోయారు. చేతులు వణికి, విమానం అటూ ఇటూ ఊగింది. రెండుసార్లు ప్రయత్నించి, నాకిచ్చారు.

"నువ్వు పట్టుకుని చూడు తమ్ముడూ."

పట్టుకున్నాను. తోక మెల్లగా కిందకి దిగింది. వేళ్ళకి తెలిసింది. ఆయన నా మొహం చూస్తున్నారు, విమానాన్ని కాదు.

"సరిగ్గానే ఉందన్నయ్యా" అన్నాను, చూపుడు వేలు కొంచెం వెనక్కి జరిపి.

విసిరారు. ముక్కు పైకెత్తి, ఇంటి కప్పు ఎత్తుకి నిటారుగా లేచి, అక్కడ ఒక్క క్షణం ఆగింది. తర్వాత రాయి పడినట్టు పడింది. ఎడమ రెక్కలు రెండూ విరిగాయి. టెంక మనిషి ఎగిరి గట్టు మీద పడ్డాడు. అన్నయ్య పరిగెత్తలేదు. నడుచుకుంటూ వెళ్ళి, ముందు టెంకని ఏరి జేబులో వేసుకున్నారు.

మర్నాడు ఫోన్ చేశారు. "విరిగిన రెక్కలు దారంతో కట్టి, మేకుల మీద పెట్టి చూశా. తోక బరువు తమ్ముడూ. గుర్తులు తప్పు పెట్టా నేను." నేను అప్పుడైనా చెప్పాల్సింది. "నేను పట్టుకున్నప్పుడు బానే ఉంది కదన్నయ్యా" అన్నాను. ఆయన నవ్వారు. "నీ వేళ్ళకేం తెలుసులే. సుద్దముక్క పట్టిన వేళ్ళు." మళ్ళీ ఆయనే, "చెయ్యి వణికితే వణికింది. లెక్క కూడా పోయింది చూడు" అన్నారు.

ఆ తర్వాత ఆయన ఇంకో విమానం మొదలుపెట్టలేదు. రంపాలు, గాజుపెంకులు, జిగురు సీసా ఒక డబ్బాలో వేసి అటక ఎక్కించారు. నేను నెలకోసారి వెళ్ళేవాణ్ణి. ఈ రోజు చెబుతానని ప్రతిసారీ అనుకునేవాణ్ణి. నూజివీడులో బస్సు మారేసరికి మాటలన్నీ వరసలో ఉండేవి. రెడ్డిగూడెంలో దిగి, ఆయన వరండాలో కూర్చుని రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటిని చూసుకుంటూ ఉండటం కనబడగానే, ఇప్పుడు చెబితే ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదో కూడా చెప్పాలి కదా అనిపించేది. నెల గడిచేకొద్దీ చెప్పాల్సింది పెరిగేది. పూత గురించి, మంచు గురించి మాట్లాడుకుని వచ్చేసేవాణ్ణి. అలా పదకొండు నెలలు. నవంబరులో ఒక ఉదయం వదినగారు టీ పట్టుకెళ్ళేసరికి ఆయన లేరు.

నలభయ్యో రోజు కూడికలో ఆయన ఫొటో పక్కన, ఎవరి ఆలోచనో గాని, ఆ విరిగిన విమానాన్ని పెట్టారు. రెక్కలు పూలదండ కింద దాచారు. పాస్టరుగారు దాన్ని చూపించి, చేతులు సహకరించకపోయినా చివరివరకూ ప్రయత్నించిన మనిషి అని, దేవుడు ఆ చేతులకు విశ్రాంతినిచ్చాడని చెప్పారు. నన్ను కూడా నాలుగు మాటలు చెప్పమన్నారు. లేచాను. ఓర్పు గురించి చెప్పాను. రెక్కలున్న మనసు అన్నాను. అందరూ తలలూపారు. వెనక వరసలో ఎవరో కళ్ళు తుడుచుకున్నారు.

ఈ మార్చిలో ఒంటరిగా వెళ్ళాను. వదినగారు తోటలో స్టూలెక్కి, చేతికందే కొమ్మలకి కవర్లు కడుతున్నారు. కింద నిలబడి మొత్తం చెప్పాను. గుమ్మం కమ్మీ, లెక్కల మాస్టారు, ప్లైవుడ్ ముక్కలు, వేలు వెనక్కి జరపడం. ఆవిడ చేతిలో ఉన్న కవరు కట్టడం పూర్తిచేసి, తీగ మెలేసి, కిందకి దిగారు.

"పదకొండు నెలలు మరిదిగారూ. అన్నం కలుపుకుంటూ కూడా ఆ చేతుల్నే చూసుకునేవారు. మీరు ఎదురుగా కూర్చుని టీ తాగారు."

"తాగానండి."

"ఒకసారి పంచదార తక్కువైందని కూడా చెప్పారు. అది చెప్పగలిగారు."

ఆవిడ లోపలికి వెళ్ళి, చీరలో చుట్టిన విమానం తెచ్చి నా చేతుల్లో పెట్టారు.

"మీరు పెట్టింది మీరే తియ్యండి. ఆయన ఎలా చేశారో అలా చేసి, రెక్కలు కూడా అతికి తీసుకురండి."

"ఆ అతుకు నాకు రాదు వదినగారూ."

"నేర్చుకోండి. రిటైరయ్యారుగా, పనేముంది? కాయ కోతలయ్యాక మీ పొలానికి వస్తాను. ఇన్నేళ్ళూ ఆయన రమ్మంటే వంట ఉందనీ, పని ఉందనీ రాలేదు నేను. ఈసారి వేళ్ళ మీద నేను పట్టుకుంటాను. మీరు ముట్టుకోవద్దు."

క్షమించానని అనలేదు. ఆవిడ ప్రతిదానికీ ప్రార్థన చేద్దామనే మనిషి, ఆ మాట కూడా అనలేదు. మళ్ళీ స్టూలెక్కారు. ఇంటికొచ్చి మా ఆవిడకి చెబితే, "మీ గుండె తేలిక చేసుకోవడానికి మా అక్క మీద ఇంకో దుఃఖం పెట్టారు" అంది. ఆమె అన్నది నిజమో, చెప్పకుండా ఉండటమే తప్పో, రెండూ నిజమో, ఇంకా తేల్చుకోలేదు.

విమానం ఇప్పుడు మా భోజనాల బల్ల మీద ఉంది. మేమిద్దరం వంటింట్లో పీటల మీద తింటున్నాం. తోక దగ్గర కాగితం ఒలిచి, నా ప్లైవుడ్ ముక్కల మీద తడిగుడ్డ కప్పి ఉంచుతున్నాను. గుడ్డ ఆరినప్పుడల్లా మళ్ళీ తడుపుతున్నాను. దట్టంగా పూశాను కదా, తొందరగా ఊడటం లేదు. కాగితం ఒలుస్తుంటే కొంచెం ముందుకి, అన్నయ్య కట్టిన అతుకొకటి బయటపడింది. చేతులు వణికే రోజుల్లో కట్టింది. నల్లదారం, పద్దెనిమిది చుట్లు. ఒక్క చుట్టు మీద ఇంకో చుట్టు ఎక్కలేదు. భూతద్దం పెట్టి కూడా చూశాను. దాన్ని చూస్తూ చీపురు ఈనెల మీద రోజూ అతుకు కట్టడం నేర్చుకుంటున్నాను. నా చేతులు వణకవు. అయినా దారం ఒకదాని మీద ఒకటి ఎక్కుతోంది.

జిగురు ఆరడానికి ఒక్క పూట చాలు తమ్ముడూ, ఆపాటి ఆగలేవా, అనేవారు. నానడానికి ఎంతకాలం పడుతుందో మాత్రం ఆయన ఎప్పుడూ చెప్పలేదు. ఆయన అతికినదాన్ని ఎవరూ ఊడదీయాల్సిన అవసరం రాలేదు కాబోలు.